పిల్లల్ని సెయిలింగ్ క్యాంపుకి పంపాలంటే: హుస్సేన్ సాగర్ మీద గాలి, అడుగున నీళ్ళు

మార్చి నెల రాగానే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, "మీ అమ్మాయి వెళ్ళిన ఆ పడవల క్యాంపు ఏంటండీ, ఈసారి మావాణ్ణి కూడా పంపుదామనుకుంటున్నాం" అని. ప్రతిసారీ లిఫ్టు దగ్గర నిలబడి అరగంట చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. మా అమ్మాయి రెండు వేసవులు హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ నేర్చుకుంది, మూడో వేసవిలో నేను కూడా వాలంటీరుగా వెళ్ళి పిల్లల చేత నీటి పరీక్షలు చేయించాను. అందుకే ఇందులో పడవ సగం, నీళ్ళు సగం ఉంటాయి. ఈ రెండూ వేరు వేరు సబ్జెక్టులు కావని నాకు గట్టి నమ్మకం. నీటి మీద ముడతలు చూసి గాలి ఎటు తిరిగిందో చెప్పగలిగే పిల్లకి, ఈ నీళ్ళు ఇంత పచ్చగా ఎందుకున్నాయనే ప్రశ్న ఎవరూ అడక్కుండానే వస్తుంది. ఆ ప్రశ్న వచ్చినప్పుడు "ఛీ, మురికి" అని మనం తోసిపుచ్చకుండా ఉంటే క్యాంపుకి కట్టిన ఫీజుకి రెట్టింపు చదువు వస్తుంది.

సముద్రం లేని ఊళ్ళో సెయిలింగ్ ఏమిటని అనుకోకండి. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో రజతం తెచ్చిన నేహా ఠాకూర్ నేర్చుకున్నది భోపాల్ చెరువు మీద. ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళా సెయిలర్ నేత్రా కుమనన్ ఈ ఆటని మొదట చూసింది చెన్నైలో ఒక వేసవి క్యాంపులోనే. డబ్బున్నవాళ్ళ ఆట అని కూడా వెనకాడొద్దు. సంజీవయ్య పార్కు వైపున్న యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ప్రభుత్వ బడుల పిల్లలకి, బస్తీ పిల్లలకి నేర్పించి జాతీయ పోటీల దాకా తీసుకెళ్ళింది. ఫీజు ఇబ్బంది అయితే రాయితీ ఉందా అని నేరుగా అడగండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మొదటి పని: మార్చిలోనే ఈత

క్యాంపు మేలో అయితే ఈత ఏప్రిల్లో మొదలుపెడదామనుకుంటారు చాలామంది. అది ఆలస్యం. కనీసం 50 మీటర్లు ఆగకుండా ఈదగలగాలి, అంతకన్నా ముఖ్యం ఐదు నిమిషాలు కంగారు పడకుండా నీటి మీద తేలగలగాలి. స్విమ్మింగ్ పూల్‌లో చివరి వారం టీషర్టు, నిక్కరు వేసుకుని ఈదమని చెప్పండి, ఎందుకంటే పడవ తిరగబడినప్పుడు ఒంటి మీద ఈత దుస్తులుండవు, తడిసిన బట్టలు ఎంత బరువెక్కుతాయో పూల్‌లోనే తెలిస్తే మంచిది. లైఫ్ జాకెట్ ఉంటుంది కదా ఈత ఎందుకు అని మా బావగారు వాదించారు ఒకసారి. జాకెట్ మనిషిని తేలుస్తుంది, నిజమే, కానీ ముఖం మీదికి నీళ్ళు కొట్టినప్పుడు ఊపిరి ఎప్పుడు పీల్చాలో ఈత వచ్చిన పిల్లకే తెలుస్తుంది. నీళ్ళంటే బాగా భయం ఉన్న పిల్లల్ని ఈ ఏడాదికి ఆపి వచ్చే ఏడాది పంపండి. ఏడుస్తున్న పిల్లాణ్ణి "అదే అలవాటవుతుంది" అని పడవ ఎక్కించడం నేను కళ్ళారా చూశాను, ఆ బాబు మళ్ళీ ఒడ్డుకి కూడా రాలేదు.

వయసు సంగతికొస్తే, ఎనిమిదేళ్ళు నిండితే మొదలుపెట్టొచ్చు. చిన్నపిల్లలకి ఇచ్చే పడవ పేరు ఆప్టిమిస్ట్. చూడ్డానికి స్నానాల తొట్టిలా ఉంటుంది, పొడవు 2.36 మీటర్లు, ఖాళీ పడవ బరువు 35 కిలోలు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన, మామూలు కుటుంబాలు కూడా ప్లైవుడ్‌తో ఇంట్లోనే చేసుకోగలిగేలా దీన్ని గీశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా పిల్లలు 15 ఏళ్ళ దాకా దీని మీదే పోటీ పడతారు. ఆ తర్వాత లేజర్ లాంటి పెద్ద పడవలకి మారతారు.

రెండో పని: ఫారం నింపకముందే ఒకసారి ఒడ్డుకి వెళ్ళి చూడండి

వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి డబ్బు కట్టేయొద్దు. ట్రైనింగ్ జరుగుతున్న రోజు పొద్దున్నే వెళ్ళి ఒక గంట ఒడ్డున నిలబడండి. నేను చూసేది మొదట లైఫ్ జాకెట్లు. మేము వెళ్ళిన మొట్టమొదటి చోట, పేరు అనవసరం, పదేళ్ళ పిల్లలకి పెద్దవాళ్ళ జాకెట్లు తాళ్ళతో బిగించి ఇచ్చారు. పరీక్ష చాలా తేలిక. పిల్ల జాకెట్ వేసుకుని అన్ని బకిల్స్ పెట్టుకున్నాక, మీరు రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే అది ఆ పిల్లది కాదు, నీళ్ళలో పడ్డప్పుడు అలాగే పైకి జారిపోతుంది. మేము ఆరోజే వెనక్కి వచ్చేశాం, అడ్వాన్సు పోయింది, పోతే పోయింది.

తర్వాత ఇంజిన్ బోటు. పిల్లలు నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఒక రెస్క్యూ బోటు వాళ్ళ మధ్యే తిరుగుతూ ఉండాలి, ఒడ్డున కట్టేసి ఉంటే లెక్కలోకి రాదు. కొత్త పిల్లలు ఐదారుగురికి ఒక కోచ్ అయితే మంచిది. పడవ తిరగబడితే ఏం చేయాలో మొదటి రెండు మూడు రోజుల్లోనే కావాలని తిరగేసి నేర్పిస్తారా అని అడగండి. "మా దగ్గర పడవలు తిరగబడవండీ" అని ఎవరైనా అన్నారంటే అక్కణ్ణుంచి వచ్చేయండి.

ఇంకొక ప్రశ్న తప్పకుండా అడగాలి, ఉరుము వినిపిస్తే ఏం చేస్తారు అని. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే సాయంత్రాలు ఎలా ఉంటాయో మనకి తెలిసిందే. నాలుగు గంటల దాకా ఆకు కదలదు, ఉన్నట్టుండి పడమట నల్లగా కమ్ముకొచ్చి ఈదురుగాలి లేస్తుంది, పది నిమిషాల్లో హోర్డింగులు ఎగిరిపోతాయి. అల్యూమినియం స్తంభం నిలబెట్టుకున్న చిన్న పడవలో, చుట్టూ ఎత్తైనది ఏదీ లేని చోట, ఆ సమయంలో పిల్లలు ఉండకూడదు. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా అంకెలు లెక్కపెట్టాలి, శబ్దం కిలోమీటరుకి సుమారు మూడు సెకన్లు తీసుకుంటుంది, 30 సెకన్లలోపు వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్లలోపు ఉన్నట్టు. వెంటనే ఒడ్డుకి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ నీళ్ళలోకి లేదు. ఈ కారణంగానే నేను పొద్దుటి బ్యాచ్‌నే ఎంచుకుంటాను, ఆరున్నరకి మొదలై పదింటికల్లా అయిపోయేది. ఎండ బాధ కూడా తగ్గుతుంది.

చివరగా, నీటి గురించి ఏమైనా చెబుతారా అని అడగండి. చాలా చోట్ల ఉండదు. లేకపోతే క్యాంపు వదులుకోనక్కర్లేదు, ఆ భాగం మీరే చేయించొచ్చు, ఎలాగో కింద చెప్తాను. "మా పిల్లలు జెట్టీ మీద నుంచి వారానికి రెండుసార్లు కొలతలు తీసుకోవచ్చా" అని అడిగితే ఒప్పుకోని కోచ్ నాకు ఇంతవరకు కనపడలేదు.

నీళ్ళ గురించి నిజం

హుస్సేన్ సాగర్ నీళ్ళు స్నానానికి పనికొచ్చే నీళ్ళు కావు. ఈ మాట దాచిపెట్టి పిల్లల్ని పంపడం నాకు ఇష్టం లేదు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1560ల్లో, హుస్సేన్ షా వలీ కట్టించిన ఈ చెరువు ఒకప్పుడు పంటకీ తాగడానికీ నీళ్ళిచ్చింది. ఆ తర్వాత చుట్టూ ఊరు పెరిగి, కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఇళ్ళ మురుగునీ ఫ్యాక్టరీల నీళ్ళనీ మోసుకొచ్చాయి. శుద్ధి ప్లాంట్లు కట్టారు, నాలాలు మళ్ళించారు, వాసన తగ్గింది. పనులు చెప్పుకునేంత పెద్దవే అయినా, నీళ్ళు ఇంకా నోట్లోకి పోనిచ్చేలా లేవు.

కాబట్టి కొన్ని పట్టింపులు పెట్టుకోండి. ఒంటి మీద మానని గాయం ఉంటే ఆరోజు పడవ లేదు, వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసినా సరే. నీళ్ళలో పడినప్పుడు నోరు మూసుకోవడం ఈత నేర్పేటప్పుడే అలవాటు చేయండి. తడి చేతులతో తినకూడదు, ఒడ్డుకి రాగానే సబ్బుతో చేతులు, ముఖం, ఇంటికి రాగానే తలస్నానం. టైఫాయిడ్, టీటీ టీకాల సంగతి క్యాంపుకి ముందే పిల్లల డాక్టరుతో మాట్లాడండి. క్యాంపు అయిపోయాక నెలలోపు జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే "చెరువు నీళ్ళలో దిగింది" అన్న మాట డాక్టరుకి చెప్పడం మర్చిపోవద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, ఆ ఒక్క మాట వింటే డాక్టరు దానికి తగ్గ పరీక్ష రాస్తారు.

సంచిలో

పొడుగు చేతుల టీషర్టు, అది కూడా నూలుది కాకుండా త్వరగా ఆరేది. గడ్డం కింద తాడు కట్టుకునే టోపీ. వేళ్ళు మూసి ఉండే పాత బూట్లు, ఎందుకంటే ఒడ్డున గాజుపెంకులుంటాయి, చెప్పులు బురదలో ఉండిపోతాయి. కళ్ళద్దాలుంటే వెనక తాడు. సన్‌స్క్రీన్, రెండు లీటర్ల నీళ్ళు, ఒక సీసాలో ఉప్పు, పంచదార వేసిన పల్చటి మజ్జిగ. మార్చుకునే బట్టలు, వాటికి వేరే కవరు. ఫోను వద్దు. ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్ తప్పనిసరి, పెన్ను కాదు, తడి చేయి తగిలితే సిరా అలికిపోతుంది.

మూడో పని: క్యాంపుకి ముందు వారం ఇంట్లో గాలి చదువు

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, ఖర్చు కూడా లేదు. రోజూ పొద్దున్న ఏడింటికి, సాయంత్రం ఐదింటికి పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్ళండి. అగరుబత్తి పొగ ఎటు పోతుందో చూసి, గాలి ఎటు నుంచి వస్తుందో నోట్‌బుక్‌లో రాయించండి. గాలికి పేరు పెట్టేది అది వచ్చే దిక్కుని బట్టి, పోయే దిక్కుని బట్టి కాదు, పడమటి గాలి అంటే పడమటి నుంచి వచ్చేది, ఇక్కడ పిల్లలు మొదట్లో తికమక పడతారు.

వేగానికి మీటరు కొనక్కర్లేదు. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే నౌకాదళ అధికారి కళ్ళతో చూసి చెప్పే కొలమానం తయారుచేశాడు, సున్నా నుంచి 12 దాకా. మీకు కావాల్సింది అందులో నాలుగైదు మెట్లే. పొగ కొంచెం వంగితే 1. ముఖానికి గాలి తగిలి, వేపాకులు గలగలలాడితే 2, గంటకి 6 నుంచి 11 కిలోమీటర్లు. ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతూ, జెండా విప్పుకుంటే 3, అంటే 12 నుంచి 19. దుమ్ము లేచి కాగితాలు ఎగిరితే 4. కొత్తగా నేర్చుకునే పిల్లకి 2, 3 మెట్లు హాయి. 4 వస్తే కోచ్ పక్కనే ఉండాలి. 5, అంటే చిన్న చెట్లు మొత్తం ఊగుతుంటే, మొదటి ఏడాది పిల్లలు ఒడ్డున తాళ్ళు ముడులు వేసుకుంటూ కూర్చుంటారు.

తర్వాత పడవ చేయించండి. కార్తీక మాసంలో దీపాలు వదిలే అరటి డొప్ప ఉంటుంది కదా, అలాంటిది ఒకటి తీసుకుని, మధ్యలో చీపురు పుల్ల గుచ్చి, దానికి కాగితం తెరచాప కట్టి, పెద్ద టబ్బులో వదిలి పక్క నుంచి విసనకర్రతో విసరండి. పడవ ముందుకి పోదు, పక్కకి జారిపోతుంది. ఇప్పుడు డొప్ప అడుగున ఐస్‌క్రీం పుల్ల ఒకటి నిలువుగా గుచ్చి మళ్ళీ విసరండి. పక్కకి జారడం తగ్గి ముందుకి కదులుతుంది. నిజం పడవలో ఆ పుల్ల పేరు డాగర్‌బోర్డు, పడవ మధ్యలోంచి నీళ్ళలోకి దిగే పలక. మే నెలలో దీన్ని వివరించడానికి మామిడి టెంకకి మించినది లేదు. తడి టెంకని రెండు వేళ్ళ మధ్య అటూ ఇటూ నొక్కితే అది ఎదరికి జారి ఎగురుతుంది కదా, ఒక వేలు గాలి, రెండో వేలు ఆ పలక మీద నీటి ఒత్తిడి.

ఇంకొకటి వంటింట్లో. చెంచాని తోక దగ్గర వదులుగా పట్టుకుని, దాని ఉబ్బు వైపుని కుళాయి ధారకి తాకించండి. నీళ్ళు దాన్ని తోసేస్తాయనుకుంటారు, కానీ చెంచా ధార లోపలికి లాక్కున్నట్టు వెళ్తుంది. వంపు తిరిగిన తెరచాప మీద గాలి కూడా ఇలాగే వంగి పారుతుంది, తెరచాపని తన వైపుకి లాగుతుంది. తెరచాప అంటే గాలి వెనక నుంచి తోసే గుడ్డ అని మాత్రమే అనుకున్న పిల్లకి ఇది చూశాక కళ్ళు పెద్దవవుతాయి.

పేర్లు కూడా ముందే తెలుగులో చెప్పండి. తెరచాప, స్తంభం, చుక్కాని, చుక్కానికి తగిలించిన పిడి టిల్లర్, తెరచాపని లాగే తాడు మెయిన్‌షీట్. షీట్ అంటే గుడ్డ కాదు తాడు, ఇది మొదటి రోజు అందరూ పొరబడేదే. ఎనిమిది అంకె ముడి, బిగుసుకుపోని ఉచ్చు వేసే బౌలైన్ ముడి చున్నీ మీద వేయడం వచ్చేస్తే క్యాంపులో రెండు రోజులు కలిసొస్తాయి.

నాలుగో పని: నీళ్ళ మీద మొదటి వారం, మీ పిల్లకి ఏం చెప్పి పంపాలి

నేర్పేది కోచ్, మీరు కాదు. ఒడ్డున నిలబడి కేకలు వేయొద్దు, నేను వేశాను, అమ్మాయి నా వైపు తిరిగి చూసింది, ఆ క్షణంలోనే తెరచాప అడుగున ఉండే బూమ్ అనే అడ్డకర్ర వచ్చి తలకి తగిలింది. అదృష్టం బాగుండి చిన్న బొప్పితో పోయింది. అందుకే ఇంట్లో చెప్పి పంపాల్సిన మొదటి మాట, తెరచాప ఇటు నుంచి అటు మారేటప్పుడు తల వంచు.

రెండో మాట, భయమేస్తే తాడు వదిలెయ్. మెయిన్‌షీట్ వదిలేస్తే తెరచాప గాలికి రెపరెపలాడుతుంది, పడవ ఒరగడం ఆగి నిలబడిపోతుంది. భయపడ్డ పిల్లలు చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం, చేతిలో ఉన్న తాడుని గట్టిగా పట్టుకుంటారు, పడవ ఇంకా ఒరుగుతుంది. పడుకోబోయేముందు ఈ మాట పదిసార్లు చెప్పించాను మా అమ్మాయి చేత.

మూడోది, పడవ తిరగబడితే పడవని వదిలి ఒడ్డుకి ఈదొద్దు. ఆప్టిమిస్ట్‌లో గాలి సంచులుంటాయి, అది మునగదు, దూరం నుంచి కనపడేది కూడా పడవే, పిల్ల తల కాదు. చుట్టూ ఈది అడుగువైపు వచ్చి, బయటికి పొడుచుకుని ఉన్న డాగర్‌బోర్డు పట్టుకుని వెనక్కి బరువు వేస్తే పడవ మెల్లగా లేస్తుంది. ఎక్కి, బకెట్టుతో నీళ్ళు తోడెయ్యాలి. మొదటిసారి పావుగంట పడుతుంది, వారంలో మూడు నిమిషాలకి వస్తుంది.

ఎదురుగాలికి వెళ్ళడం మూడో రోజుకో నాలుగో రోజుకో వస్తుంది. గాలి వచ్చే దిక్కుకి అటు 45 డిగ్రీలు, ఇటు 45 డిగ్రీలు, ఆ మధ్యలో ఏ తెరచాప పడవా నేరుగా వెళ్ళలేదు. తిరుమల ఘాట్ రోడ్డు గుర్తుచేయండి. బస్సు కొండ ఎక్కేది నిట్టనిలువుగా కాదు కదా, అటొక మలుపు ఇటొక మలుపు తిరుగుతూ ఎక్కుతుంది. పడవ కూడా అంతే, కాసేపు కుడికి, తిప్పి కాసేపు ఎడమకి. గాలివాటంగా వెళ్ళడం తేలికలా కనపడుతుంది గానీ, తెరచాప ఒక్కసారిగా అటు నుంచి ఇటు కొట్టేది అప్పుడే, కోచ్‌లు దాన్ని చివర్లో నేర్పిస్తారు.

హుస్సేన్ సాగర్ మీద గాలి ఒక తీరుగా ఉండదు. చుట్టూ ఎత్తైన భవనాలు, మధ్యలో బుద్ధ విగ్రహం ఉన్న బండ, అన్నీ గాలిని చీలుస్తాయి. నీటి మీద నల్లటి ముడతల మచ్చ మీ వైపు కదులుతూ వస్తోందంటే అక్కడ గాలి జోరు ఎక్కువ. ఆ మచ్చ చేరేలోపు సిద్ధంగా ఉండాలి. ఇది పట్టుకున్న రోజు పిల్లలు ఇంటికొచ్చి అన్నం తినడం మర్చిపోయి మాట్లాడతారు.

ఐదో పని: నీటి పరీక్షలు

దీనికి వారంలో రెండు పూటలు చాలు, క్లాసు అయ్యాక ఒక గంట. అన్నీ జెట్టీ మీద నుంచి గానీ కోచ్ ఇంజిన్ బోటులోంచి గానీ, పిల్లలు జాకెట్లు వేసుకుని ఉండగానే.

ముందుగా సెక్కీ పళ్ళెం. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త, పోప్‌గారి నావ మీద నుంచి మధ్యధరా సముద్రంలోకి తెల్లటి పళ్ళెం దించి, అది ఎంత లోతులో కనపడకుండా పోతుందో కొలిచాడు. నీటి స్పష్టతకి ఇప్పటికీ అదే పరీక్ష. 20 సెంటీమీటర్ల వెడల్పున్న పాత స్టీలు పళ్ళెం తీసుకుని నాలుగు భాగాలు చేసి ఒకటి నలుపు, ఒకటి తెలుపు చొప్పున పెయింట్ వేయండి. నడుమ బెజ్జం పెట్టించి తాడు కట్టి, కింద ఒక బరువు. తాడుకి ప్రతి 10 సెంటీమీటర్లకి మార్కర్‌తో గీత. నీడ పడే వైపు నుంచి మెల్లగా దించాలి, చలవ కళ్ళద్దాలు తీసేసి. మాయమైన లోతు రాయాలి, కొంచెం కిందికి పోనిచ్చి మళ్ళీ పైకి లాగి, కనపడిన లోతు రాయాలి, రెండింటి సగటు మీ కొలత. దించేముందు ఎంత లోతు పోతుందో ప్రతి పిల్లా ఒక అంకె రాసిపెట్టాలి. మొదటిసారి చేసినప్పుడు, అందరికన్నా తక్కువ చెప్పిన పిల్లాడి అంకెకి కూడా చేరకుండానే పళ్ళెం కనపడకుండా పోయింది. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. అంతకుముందు నేను చెప్పిన పాఠం కన్నా ఆ తాడు మీద తడి గీత ఎక్కువ చెప్పింది వాళ్ళకి.

ఎందుకలా అంటే, మురుగులో ఉండే నైట్రోజన్, ఫాస్ఫరస్ నీళ్ళలో పాచికి ఎరువవుతాయి. పొలంలో యూరియా చల్లితే ఏమవుతుందో ఇక్కడా అదే. పాచి పెరిగి నీళ్ళు పచ్చబడతాయి, వెలుగు లోపలికి పోదు. గుర్రపుడెక్క కూడా ఈ ఎరువు తినే పెరుగుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, పూలు అందంగా ఉంటాయి, కానీ డాగర్‌బోర్డుకి చుట్టుకున్న రోజున పిల్లలకి దాని సంగతి బాగా అర్థమవుతుంది.

రెండోది ఆక్సిజన్, ఇది అసలు విషయం. నీళ్ళు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు కరగగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. స్నానానికి పనికొచ్చే నీళ్ళకి మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణం లీటరుకి కనీసం 5 మిల్లీగ్రాములు, నీళ్ళు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య. స్కూలు ల్యాబులకి అమ్మే టెస్ట్ కిట్ తెచ్చుకోండి. అందులో ఘాటు రసాయనాలుంటాయి, చుక్కలు వేసేది గ్లవ్స్ వేసుకున్న పెద్దవాళ్ళే, వాడిన నీళ్ళు సీసాలో పోసి ఇంటికి తెచ్చుకోవాలి, చెరువులో పోయకూడదు.

ఒకే చోట పొద్దున్న ఆరున్నరకి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిపించండి. పగలంతా పాచి ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే పాచి ఊపిరి పీల్చి ఖర్చుచేస్తుంది. తెల్లవారేసరికి అడుగంటుతుంది. చెరువుల్లో చేపలు చచ్చి తేలిన వార్తలు ఎక్కువగా పొద్దుటి పూటవే ఎందుకో ఇప్పుడు పిల్లలే చెబుతారు. మా క్యాంపులో ఒక పాప అమ్మమ్మగారిది భీమవరం వైపు. "అందుకేనా మా తాతయ్య తెల్లవారుజామున లేచి రొయ్యల చెరువులో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు చూసుకొస్తాడు" అంది. అవును, అందుకే.

మూడోది పురుగులు. టీ వడకట్టే జల్లెడని కర్రకి కట్టి, ఒడ్డు పక్క బురద కొంచెం తీసి తెల్ల పళ్ళెంలో నీళ్ళు పోసి చూడండి, గ్లవ్స్ తప్పనిసరి. తూనీగ పిల్లలు కనపడితే నీళ్ళు ఫరవాలేదని అనుకోవచ్చు. సన్నటి ఎర్ర పురుగులు మాత్రమే గుంపులుగా ఉంటే ఆక్సిజన్ తక్కువని అర్థం, వాటి ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్‌దే, తక్కువ ఆక్సిజన్‌లో బతకడానికి అవి దాన్ని వాడుకుంటాయి. చూశాక మళ్ళీ నీళ్ళలోనే వదిలేయాలి.

నాలా కలిసే చోట నీళ్ళు కావాలంటే కోచ్ బోటులోంచి తాడు కట్టిన బకెట్టుతో తెప్పించండి, పిల్లల్ని అటువైపు తీసుకెళ్ళొద్దు. ఆ నీళ్ళు, చెరువు మధ్య నీళ్ళు, జెట్టీ నీళ్ళు మూడు గాజు గ్లాసుల్లో పక్కపక్కన పెట్టండి. మీరేమీ చెప్పక్కర్లేదు.

నోట్‌బుక్‌లో ప్రతి రోజూ ఒకే వరుస: తేదీ, గంట, గాలి దిక్కు, గాలి మెట్టు, నీటి వేడి, పళ్ళెం లోతు, ఆక్సిజన్, పీహెచ్, కనపడిన పక్షులు. నీటికాకి, కొంగ, లకుముకి పిట్ట, గూడబాతు, ఏది కనపడితే అది. రెండు వారాలకి పిల్లలే గీతలు గీసి చూస్తారు. గాలి జోరుగా ఉన్న మర్నాడు ఒడ్డు దగ్గర పళ్ళెం త్వరగా మాయమవుతోందని మా బ్యాచ్‌లో కనిపెట్టింది ఏడో తరగతి అబ్బాయి, అలలు బురదని కదిలిస్తాయని ఆలోచించి చెప్పింది కూడా అతనే. గాలి గడి, నీటి గడి ఒకే పేజీలో ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

క్యాంపు అయ్యాక

ఇంట్లో ఒక ప్రయోగం మిగిలింది, వినాయక చవితి లోపు చేయండి. రెండు బకెట్ల నీళ్ళలో ఒకదాంట్లో అరచేతి పరిమాణం బంకమట్టి బొమ్మ, ఇంకోదాంట్లో అదే పరిమాణం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్క, రెండిటికీ రంగు వేయకుండా. మట్టి బొమ్మ గంటల్లో కరిగిపోతుంది, ప్లాస్టర్ ముక్క రోజుల తరబడి ఉంటుంది. పిల్లలు రోజుకొక ఫొటో తీసి తారీఖు వేసి పెట్టుకుంటే, ఆ ఏడు ఇంట్లో ఏ విగ్రహం తేవాలో వాళ్ళే చెబుతారు. మా ఇంట్లో అలాగే తేలింది, మా అత్తగారు కూడా కాదనలేదు.

సెయిలింగ్ ఆపేయొద్దు. హైదరాబాద్‌లో అసలు గాలి జూన్ తర్వాత, నైరుతి రుతుపవనాలతో పడమటి గాలి స్థిరపడ్డాకే. ఇక్కడి పోటీలు కూడా వానాకాలంలోనే జరుగుతాయి. వారాంతాల్లో ఒక్కపూట పంపినా నేర్చుకున్నది పోదు. కాకినాడ వైపు బంధువులుంటే ఒకసారి కోరింగ మడ అడవుల్లోకి పిల్లల్ని తీసుకెళ్ళండి, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్ళు చూపించండి, బురదలో ఆక్సిజన్ లేక చెట్టే ముక్కు పైకెత్తుకుందని మీరు చెప్పేలోపు వాళ్ళే చెప్పేస్తారు.

పడవలే లేని ఊరైతే క్యాంపు కోసం ఆగకండి, పళ్ళెం, తాడు, అగరుబత్తి, నోట్‌బుక్ ఏ చెరువు గట్టు మీదైనా పనిచేస్తాయి, పెద్దవాళ్ళు ఒకరు పక్కన ఉండి, పిల్లలు నీళ్ళలోకి దిగకుండా చూసుకుంటే చాలు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు మాత్రం మొదటి పెద్ద వాన పడిన మూడో రోజు పొద్దున్న మళ్ళీ అదే జెట్టీకి వెళ్ళి అదే చోట పళ్ళెం దించండి. వాన నీళ్ళు చెరువుని తేట చేస్తాయా, నాలాల్లో పేరుకున్నదంతా మోసుకొస్తాయా అన్నదానికి పిల్లల చేత ముందే పందెం రాయించి, ఆ కాగితం మడిచి నోట్‌బుక్‌లో పెట్టుకుని వెళ్ళండి.